గోడకు ఆనించిన పీట

సెలవులకు ఊరెళ్ళి ఆరు వారాలుండి జల్లాఖ్ తిరిగొచ్చిన రాత్రి, మంచినీళ్ళ కోసం లైటు వేయకుండానే వంటింట్లోకి వెళ్ళాను. సింకు ముందు నిలబడగానే ఎడమ కాలి బొటనవేలికి ఏదో తగిలింది. నేల అంచు లేచి ఉంది. పెసరగింజంత ఎత్తు, అంతకు మించదు. లైటు వేసి చూస్తే కంటికి ఆనలేదు. మోకాళ్ళ మీద కూచుని, చెంప నేలకు తాకించినంత పనిచేసి పక్కవాటున చూస్తే అప్పుడు తెలిసింది. ఒక పలక రెండంచులూ పైకి లేచి, నడుమ పల్లమై, ఎండలో ముడుచుకున్న విస్తరాకులా ఉంది. దాని పక్కది కొంచెం తక్కువగా, ఆ పక్కది ఇంకా తక్కువగా లేచాయి. నాలుగో పలక ఎప్పటిలాగే చదునుగా ఉంది. పడుకున్నాక కూడా ఆ పెసరగింజ నా కాలి కిందే ఉన్నట్టనిపించింది. ప్రయాణం బడలిక అనుకున్నాను. కానీ రెండు వారాలుగా రోజుకు ఇరవైసార్లు దాని మీద కాలు పడుతోంది, పడినప్పుడల్లా అదే ప్రశ్న. నీళ్ళతో పనుండే చోట చెక్క పరవచ్చా? పరిచినవాళ్ళు ఏమనుకుని పరిచి ఉంటారు?

జల్లాఖ్ బహ్రెయిన్ దీవికి పడమటి ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. కాకినాడ వైపు పుట్టి, సముద్రమంటే సూర్యుడు పైకి వచ్చే చోటని నేర్చుకున్నదాన్ని, మూడేళ్ళయినా నాకు ఇది కొత్తగానే ఉంటుంది. మేమున్న అద్దె ఇల్లు ఒడ్డుకు నాలుగు వీధుల ఇవతల. గాలి సఖీర్ వైపునుంచి వీస్తే అక్కడి పందెం కార్ల రొద వంటింట్లోకి వినిపిస్తుంది. ఈ ఇంట్లో వంటింటికీ, స్నానాల గదికీ కూడా చెక్క నేలే. స్నానాల గదిలో గాజు తలుపు లోపల, షవరు కింద మాత్రం రాయి. తక్కినదంతా తేనెరంగు పలకలు. మొదటిరోజు చెప్పులు విప్పి నడిచినప్పుడు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఫోనులో చూపిస్తే మా చిన్నత్త మాత్రం ఒక్కటే మాట అంది: "వంటింట్లో చెక్కేంటమ్మా, బాత్‌రూములో కూడానా? మరి కడుక్కోవద్దూ?"

ఆ ప్రశ్నలో మన ఇళ్ళ సంగతంతా ఉంది. మనం ముందుగదులు తుడుస్తాం, వంటిల్లూ నీళ్ళగదీ కడుగుతాం. తుడవడానికి గుడ్డ చాలు. కడగడానికి బకెట్టు, చెంబు, చీపురు, నేలకు ఒక వాలు, ఆ వాలు చివర తూము కావాలి. మేస్త్రీ నేల వేస్తున్నప్పుడు మా అమ్మ పక్కనే నిలబడి, చెంబుతో నీళ్ళు పోసి, అవి ఏ మూలా నిలవకుండా తూము దాకా వెళ్ళాయో లేదో చూసుకునేది. చేపలు కడిగిన రోజున, పండగ ముందు రోజున, ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గిన రోజున నీళ్ళు కొట్టి కడిగితేనే ఆమె మనసు కుదుటపడేది. చెక్క నేల వేసేవాళ్ళ ఇల్లు తుడుచుకునే ఇల్లు. అక్కడ తూము ఉండదు, వాలు ఉండదు, నీళ్ళు గోడల్లోపలి పైపుల్లో మాత్రమే ఉండాలని ఒక ఒప్పందం. ఏది గొప్పని నేను తేల్చబోవడం లేదు. కానీ ఒక చేతి అలవాటును తీసుకొచ్చి, ఇంకో అలవాటు కోసం కట్టిన నేల మీద నిలబెడితే రెండింటికీ కష్టమే. పోయిన చలికాలం అమ్మ వచ్చినప్పుడు స్నానాల గది గుమ్మంలో బకెట్టు పట్టుకుని చాలాసేపు అటూ ఇటూ చూసి, "ఎక్కడ కూచుని పోసుకోనే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

అయినా నాకు ఈ చెక్క నేల ఇష్టం. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. నలభై ఏళ్ళుగా గట్టు ముందు నిలబడి వంట చేస్తున్న ఆడదాని మడమలను అడగండి, గ్రానైట్ ఎంత గట్టిదో చెబుతాయి. నాపరాయి చలికి లాగుతుంది, పాలిష్ పెట్టిన రాయి తడిస్తే జారుతుంది. చెక్క కాలిని కొంచెం భరిస్తుంది. ఒంటి వేడిని అంత తొందరగా లాక్కోదు. పోపు గరిటె చేయిజారి పడితే ఖంగుమనదు, టక్కుమని ఊరుకుంటుంది. పింగాణీ కప్పు ఒకసారి పడి పగలకుండా దొర్లింది. వంటింట్లో ఎక్కువసేపు నిలబడేది ఎవరు, వాళ్ళ కాళ్ళ కింద ఏముండాలి అన్నది మన ఇళ్ళు కట్టేటప్పుడు ఎవరైనా అడిగారా? నేలను కడగడం సులువా అని అడిగారు, మరక కనిపిస్తుందా అని అడిగారు. కాళ్ళ సంగతి అడిగినట్టు నాకు జ్ఞాపకం లేదు.

కాళ్ళ సంగతి అనగానే అమ్మమ్మ దగ్గరికి వెళ్ళక తప్పదు. అమ్మమ్మది తాళ్ళరేవు. పెరట్లో నుయ్యి, నూతికి పక్కగా మూడువైపులా తాటాకు దడి కట్టిన స్నానాల చోటు. కింద ఎగుడుదిగుడు బండలు, వాటి సందుల్లో ఇసక. నీళ్ళు అరటి చెట్ల మొదళ్ళకు పోయేవి. బండ మీద ఒక పీట. టేకుది, మూడంగుళాల ఎత్తు, రెండు అడ్డకర్రల మీద మేకు లేకుండా బిగించింది. పదుల ఏళ్ళు తడిసి తడిసి పైభాగం నెరిసిపోయి, మెత్తటి పీచంతా అరిగి, గట్టి గీతలు మాత్రం పైకి తేలి, వేలితో రాస్తే దువ్వెనలా తగిలేది. దాని మీద అమ్మమ్మ జారడం ఎవరూ చూడలేదు. స్నానం అయ్యాక ఒంటిమీద చీర చుట్టుకోవడానికి ముందు ఆమె చేసే పని ఒకటుండేది. పీటను ఎత్తి, ఓ చెంబు నీళ్ళతో కింది వైపు కడిగి, నూతి గట్టుకు నిలువుగా ఆనించేది, వెన్ను తూర్పుకు ఉండేలా. మేం పిల్లలం మరిచిపోయి వదిలేస్తే దడి అవతలినుంచే కేక: "పీట నిలబెట్టవే, పడుకోబెడితే పుచ్చిపోద్ది!" పడుకోబెట్టడం, నిలబెట్టడం అన్న మాటలు నా చెవికి మనుషుల గురించి చెప్పినట్టే వినిపించేవి.

తరువాత 1996లో మామయ్యలు ఇంట్లోకి స్నానాల గది కట్టించారు. అమ్మమ్మ వానలో పెరట్లోకి వెళ్ళే బాధ తప్పాలని, ప్రేమతోనే. గోడలకూ నేలకూ లేతనీలం మెరుపు పలకలు వేయించారు. పాత పీట ఆ గదికి బాగాలేదని ప్లాస్టిక్ స్టూలు తెచ్చారు. రెండో ఏడు కార్తీకంలో తెల్లవారుజామున ఆమె అక్కడ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆ తరువాత ఐదేళ్ళు బతికింది గాని నూతిదాకా నడవలేదు. అందుకే ఎవరైనా "తడి గదికి టైల్సే మంచివి, తిరుగులేదు" అంటే నేను వెంటనే తలూపలేను. పీట అరిగిన గీతలు నా వేలికి ఇంకా గుర్తున్నాయి.

ఆలోచిస్తే, మన ఇళ్ళలో తడి చోట చెక్క లేనిదెప్పుడు? స్నానానికి పీట, భోజనానికి పీట, కూరలు తరగడానికి కత్తిపీట, కొబ్బరికాయకు కోరాం, రోట్లో రోకలి, గోలెం మీద మూత, నూతి మీద గిలక, చల్ల చిలికే కవ్వం. కాళ్ళకు పావుకోళ్ళు ఉండేవి. నేల చల్లగా, తడిగా ఉంటుందని చెక్కను నేలకు పరవకుండా కాలికే తొడుక్కున్నారు. ఇది మనవాళ్ళ తెలివే అనుకునేదాన్ని. టర్కీ, సిరియా వైపు స్నానశాలల్లోనూ ఎత్తు మడమల చెక్క చెప్పులు వేసుకునేవారని, వాటిని కబ్‌కాబ్ అంటారని చదివాను. జపాన్‌లో స్నానాల గదుల్లో హినోకి చెక్క పట్టీల చట్రం నేల మీద పెట్టి, స్నానమయ్యాక ఎత్తి ఆరబెడతారట. నూతి గట్టుకు ఆనించిన పీటే అది, ఇంకో దేశంలో. ఇవన్నీ తడిసేవే, రోజూ తడిసేవే. అన్నీ చేత్తో ఎత్తగలిగేవి కూడా. పని కాగానే కడిగి, బోర్లించి, నిలబెట్టి, గాలికి వదిలేసేవి. చెక్కకు నీళ్ళంటే భయం లేదు. ఆరడానికి వీల్లేకపోవడమే దానికి గండం. పరిచి అతికించిన నేలను ఎత్తి గోడకు ఆనించలేం కదా.

ఇక్కడిదాకా వచ్చి సంతోషపడ్డాను గానీ, మర్నాడు గుమ్మం దాటుతుంటే గడప గుర్తొచ్చింది. అది కదలదు. శుక్రవారం శుక్రవారం నీళ్ళతో కడుగుతాం, పసుపు రాస్తాం, బొట్లు పెడతాం. తాళ్ళరేవు ఇంటి వేప గడప మూడు తరాలు చూసింది. మరి అదెలా నిలిచింది? నా మాటకు ఇది అడ్డం కాదా? కొన్నాళ్ళు దానితో తంటాలు పడ్డాను. గడప దళసరి చెక్క. దానికి మీదా పక్కలా గాలి తగులుతుంది, ఎండ పడుతుంది, కడిగిన నీళ్ళు మెట్ల మీదికి జారిపోతాయి. అందులో ఉన్నదంతా చేవ. చేవ అన్న మాట మనిషికి వాడీ వాడీ చెక్కను మరిచిపోయాం గాని, అది మాను నడిమి ముదురు కర్ర. చుట్టూ ఉండే లేత తెల్లచెక్కకు తొందరగా పురుగు పడుతుంది. అయినా మా గడప కూడా చివరికి పోయింది, పైనుంచి కాదు. ఇల్లు విప్పేటప్పుడు చూస్తే, గోడలో ఇమిడిపోయిన రెండు కొసలూ పిండిలా రాలాయి. గాలి తగలని చోటే.

కొసలే ఎందుకన్నది ఈ మధ్య చెక్క గురించి కూచుని చదివాక అర్థమైంది. చెక్క అంటే ఒకప్పటి నీటి దారి. వేరు నుంచి ఆకు దాకా నీళ్ళు మోసిన సన్నటి గొట్టాల కట్ట. రంపం కోసినా ఆ గొట్టాలు ఎక్కడికీ పోవు. పలక పక్కలనుంచి నీళ్ళు మెల్లగా పోతాయి, కోసిన కొసలనుంచి మాత్రం గటగటా తాగుతుంది. తన ఎండు బరువులో సుమారు 30 శాతం వరకు నీరు ఆ పీచు గోడల్లోనే ఇముడుతుంది. ఆ మేరకు ఉబ్బుతుంది, అది పోయే మేరకు కుంచించుకుంటుంది. పొడవు వైపు ఆ మార్పు వెయ్యి పాళ్ళలో ఒకటో రెండో, లెక్కలోకి రాదు. అడ్డంగానే అసలు గొడవ. పచ్చి కర్ర పూర్తిగా ఎండే లోపు టేకు వెడల్పులో 5 శాతం దాకా తగ్గితే, ఓక్ 10 శాతం దాకా తగ్గుతుంది. టేకుకు ఒంట్లోనే ఒక నూనె ఉంది కాబట్టి ఓడల పైతట్టుకు దాన్నే పరిచేవారు. మా వంటింట్లో ఉన్నది ఓక్. చల్లటి దేశాల మాను. చినుకులకు అలవాటుపడి పెరిగిన చెక్కను తెచ్చి, ఏడాది మొత్తానికి 80 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట పరిచారు. వాన లేదు గనక తడి ఉండదని వాళ్ళు అనుకున్నారేమో.

జల్లాఖ్‌లో తడి ఆకాశంనుంచి రాదు. ఆగస్టు రాత్రి బయటికొస్తే కళ్ళద్దాలు ఒక్కసారిగా మసకబారతాయి. కిటికీ అద్దాలకు బయటివైపు నీళ్ళు పట్టి ధారలు కడతాయి. ఉత్తరపు గాలి షమాల్ వీచిన రోజుల్లో గాలి పొడిబారి, దుమ్ముతో పెదాలు పగులుతాయి. అది ఆగగానే సముద్రం ఊళ్ళోకి వచ్చి కూచున్నట్టుంటుంది. ఇంట్లో ఏసీ రాత్రీ పగలూ తడిని పిండేస్తూ ఉంటుంది. చెక్క ఆ ఏసీ గాలికి అలవాటుపడి, తన లెక్కలో తాను సర్దుకుంది. మేం జులైలో ఊరికి వెళ్తూ, ఎవరూ లేని ఇంటికి కరెంటెందుకని అన్నీ ఆపేసి వెళ్ళాం. ఆరు వారాలు ఇల్లు మూతపెట్టిన గిన్నెలా ఉడికింది. అల్మరాలో తోలు చెప్పులకు బూజు పట్టింది. పలకలు ఆ తడినంతా తాగాయి. మేం వచ్చి మళ్ళీ ఏసీ వేశాం. ఈ తాగడం, ఎండటం మధ్య ఊగడమే వాటిని విరిచేది. ఎప్పుడూ పొడిగా ఉండే అటక పలకలు వందేళ్ళుంటాయి. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే చెక్క అంతకంటే ఎక్కువ కాలం ఉంటుంది, గాలి తగలని చోట దాన్ని కుళ్ళబెట్టే బూజు బతకదు. వెనిస్ నగరం అలాంటి దుంగల మీదే నిలబడి ఉంది. రెండింటికీ మధ్య ఊగేదే అరుగుతుంది. ఈ మాట రాసి ఒక్క క్షణం ఆగాను. ఏడాదికి పదిన్నర నెలలు ఇక్కడా, ఆరు వారాలు అక్కడా ఉంటూ మేమేం చేస్తున్నామని.

నీళ్ళలోనే ఉండే చెక్కను నేను చిన్నప్పుడే చూశాను. తాళ్ళరేవు, కోరంగి ఓడలు కట్టిన ఊళ్ళు. 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు కోరంగిని ఊడ్చేశాయి గాని, ఆ చేతిపని పూర్తిగా పోలేదు. కాలవ ఒడ్డున నావలు కట్టేచోట దూదిని నూనెలో తడిపి, పలకల సందుల్లో ఉలితో టకటకా కొట్టి దూర్చే చప్పుడు మా ఎండాకాలం సెలవుల చప్పుడు. కొత్త నావను నీళ్ళలోకి దించగానే ఎవరూ సంబరపడేవారు కాదు. మొదటి ఒకటి రెండు రోజులు లోపలికి నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, తోడిపోస్తూనే ఉంటారు. పలకలు తాగి, ఉబ్బి, ఒకదాన్నొకటి ఒత్తుకున్నాక ఊట దానంతటదే ఆగుతుంది. అంటే ఉబ్బడాన్నే వాళ్ళు పనిలో పెట్టుకున్నారు! మా వంటింటి నేలలో శత్రువైనది అక్కడ పనివాడు. ఇక్కడి ముత్యాల పడవలూ అంతే. మలబారునుంచి వచ్చిన టేకుతో ముహర్రక్ ఒడ్డున కట్టినవి, పైభాగానికి సొరచేప నూనె, నీళ్ళలో మునిగే అడుగుకు సున్నం, కొవ్వు కలిపి పూసేవారు. రంగూన్ టేకు మా గోదావరి మండువా ఇళ్ళకూ, మలబారు టేకు ఈ దీవికీ చేరిన రోజుల్లో, ఈ సముద్రాల మీద మనుషులకంటే దూలాలే ఎక్కువ తిరిగాయేమో అనిపిస్తుంది.

ముహర్రక్‌లో ఒకప్పటి పాలకుడు షేక్ ఈసా బిన్ అలీ పాత ఇంటికి వెళ్ళినప్పుడు నేను గోడల నగిషీ కంటే ఎక్కువసేపు పైకప్పు చూశాను. తూర్పు ఆఫ్రికా మడ అడవుల దుంగలు వరసగా పేర్చి, వాటిమీద వెదురు బద్దలు, చాప, మట్టి. ఈ దీవుల్లో దూలానికి పనికొచ్చే గట్టి మాను అరుదు గనక, ఓడ తెచ్చిన మడ దుంగ ఎంత పొడవుంటే గది అంత వెడల్పు. కోరంగి మడ అడవి మా అమ్మమ్మ ఇంటికి అంత దూరం కాదు. బతికినన్నాళ్ళూ ఉప్పునీళ్ళలో మోకాలిలోతున నిలబడిన చెట్టు, చచ్చాక వాన రాని ఊళ్ళో పైకప్పై పొడిగా పడుకుంది. నీళ్ళలో పుట్టిన చెక్కను నీళ్ళు తగలని చోట పెట్టిన వాళ్ళకు, ఏ చెక్క ఎక్కడుండాలో తెలుసు. ఆ ఇంట్లో నేల మాత్రం మట్టీ, గచ్చూ.

ఇంకో చెట్టు సంగతి చెప్పకుండా ఉండలేను. జబల్ దుఖాన్ గుట్ట దాటాక ఇసకలో ఒంటరిగా ఒక చెట్టుంది. షజరత్ అల్ హయాత్, జీవవృక్షం అంటారు. నాలుగొందల ఏళ్ళ పైబడినదట, ఎత్తు పదిమీటర్లకు కాస్త తక్కువ. చుట్టూ కనుచూపు మేరలో ఇంకో పెద్ద చెట్టు లేదు. నేను వెళ్ళింది దసరా నాడు, జగిత్యాల వైపునుంచి వచ్చిన కుటుంబంతో. ఆ ఇంటి పెద్దాయన దగ్గరికి వెళ్ళి రెమ్మ పట్టుకుని చూసి, "ఇది మన జమ్మి" అన్నాడు, గొంతు మారిపోయి. నిజంగానే అది జమ్మి. తెలంగాణ తన రాష్ట్ర వృక్షంగా పెట్టుకున్న జమ్మి, పాండవులు ఆయుధాలు దాచుకున్న శమీవృక్షం. కొమ్మ తుంచడానికి వీల్లేదు. ఆయన రాలిన నాలుగు ఆకులు ఏరి మా అందరి చేతుల్లో పెట్టి బంగారం అన్నాడు. చినుకులేని చోట ఆ చెట్టు వేళ్ళు ఎంత లోతున ఏ నీటిని వెతుక్కున్నాయో. మానైనా, పలకైనా చెక్క చేసేది ఆ పనే. దగ్గరలో తడి ఎక్కడుందో వెతుక్కుని తాగడం.

మా ఇంటి పలక వెతుక్కున్న తడి ఎక్కడిదో వడ్రంగి వచ్చాక తెలిసింది. నిర్మల్ దగ్గర పల్లెనుంచి వచ్చి ఇక్కడ పదకొండేళ్ళుగా పనిచేస్తున్న కుర్రవాడు. గుమ్మంలోనే బూట్లు విప్పి, సాక్సులు కూడా తీసి, ఉత్త కాళ్ళతో వంటింటి నేలంతా నడిచాడు. ఏం మాట్లాడలేదు. మూడోసారి సింకు దగ్గరికి వచ్చి ఆగి, మడమతో నొక్కాడు. "అక్కా, పైకెల్లి గాదు. కిందికెల్లి తాగింది." సింకు కింద తలుపు తెరిచి, పైపు కీలు దగ్గర వేలు పెట్టి నా ముందుకు చాపాడు. వేలి కొసన ఒక్క చుక్క. ఎన్నాళ్ళుగానో చుక్క చుక్క కారి, అల్మరా అడుగునుంచి పలకల కిందికి పాకింది. అడుగు తడిసి ఉబ్బింది, మీద పొడిగానే ఉంది, అందుకే అంచులు పైకి తిరిగాయి. "మన దిక్కు వానకాలం తలుపు బిగుసుకుంటది గదా, గదే కత. తలుపైతే జర చిత్రిక పడితే అయిపాయె."

గోడ వారన సన్నటి పట్టీ ఊడదీసి, ఉలి దూర్చి, పలకను మెల్లగా లేపాడు. జిగురు వదులుతుంటే తడిసిన అట్టముక్క చింపినట్టు చప్పుడైంది. తిరగేశాడు. పైన తేనెరంగు, కింద నలుపు. నలుపు మీద తెల్లగా ఉప్పు పొంగినట్టు ఒక పూత, నానబెట్టి మరిచిపోయిన పప్పు వాసన. అడ్డంగా కోసిన కొస చూపించాడు. పక్కలకు పాలిష్ ఉంది, కొసకు లేదు. ఎవరో తొందరలో కోసి అలాగే దూర్చేశారు. అక్కడే చెక్క అన్నిటికంటే ఎక్కువ నల్లబడింది. నాకు మా గడప కొసలు కళ్ళముందుకొచ్చాయి. తూము కోసం అమ్మ చెంబుతో నీళ్ళు పోసి చూసినట్టు, ఈ కొసకు ఒక్క కుంచె పూత పూయమని పక్కన నిలబడి చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఆ అబ్బాయి పలకను చేత్తో తుడిచి, వెనక వరండాలోకి తీసుకెళ్ళి, గోడకు ఆనించి నిలబెట్టాడు. నల్లటి వెన్ను ఎండకేసి. నేను అటే చూస్తూ ఉండిపోయాను. "పీట చేయడానికి పనికొస్తుందా?" అని అడిగాను, అడగకుండా ఉండలేక. అతను పలక అంచు నా కళ్ళముందు పెట్టాడు. మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల ఓక్, దాని కింద పలచటి పొరలు పొరలుగా అతికించిన వేరే చెక్క. "పైన పొరే అక్కా చెక్క. మనిషి బరువు ఆపది, మేకు గూడ నిలవది. పీటకు సక్కని టేకు ముక్క దొరికితే నేనే చేసి తెస్త." తరువాత కాసేపాగి, "చెక్క తప్పేం లేదు. ఆరనియ్యలె, గంతే" అన్నాడు. పైపు కీలు బిగించి, పదిరోజులు ఆ చోటు అలాగే తెరిచి ఉంచమని చెప్పి వెళ్ళాడు. ఆ పలక ఆరినా మళ్ళీ తన ఖాళీలో సరిపోతుందని మాత్రం చెప్పలేదు.

ఇల్లుగలాయనకు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. చెక్క తీసేయిస్తానన్నాడు, లేదా ఇలాగే బాగు చేయిస్తానన్నాడు, మీకు ఎలా కావాలో గురువారంలోగా చెప్పండి అన్నాడు. చెక్కలా కనిపించే పింగాణీ పలకలు వచ్చాయట. గీతలతో, ముడులతో, ముట్టుకుంటే గరుగ్గా కూడా. రెండు నమూనాలు పంపించాడు. కంటికి నిజంగా చెక్కే. కాలు పెట్టి చూశాను. చల్లగా, రాయిలాగే ఉంది, అబద్ధం చెప్పినందుకు దానిమీద కోపం రాలేదు గానీ దగ్గరితనం కూడా కలగలేదు. తడి గదికి అదే తగినదని నా బుద్ధి ఒప్పుకుంటుంది, కాస్త గరుగ్గా ఉన్నది వేయిస్తే అమ్మ జారదు కూడా. వంటింటికి మాత్రం నా మడమలు ఒప్పుకోవడం లేదు. గట్టు ముందు నేను నిలబడేచోట ఒక చెక్క పట్టీల చట్రం, రాత్రి పడుకోబోయే ముందు ఎత్తి నిలబెట్టేది, చేయిస్తే? ఆ అబ్బాయిని అడగాలి. అమ్మ మళ్ళీ డిసెంబరులో వస్తుంది. ఆమె పీట మాట ముందు చెప్పాలి. మూడంగుళాల ఎత్తు, మేకులు లేకుండా, టేకుది.

ఈ సాయంత్రం అంట్లు తోముతుంటే పలక తీసిన చోట ఎడమ కాలు పడింది. కింద సిమెంటు, జిగురు గీతలతో గరుగ్గా, ఇంకా కొంచెం చెమ్మగా ఉంది. కుళాయి కట్టేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని వరండాలోకి వెళ్ళాను. పలక అంచులు మధ్యాహ్నం కంటే కొంచెం దిగినట్టున్నాయి. ఎండ గోడ మీదినుంచి తప్పుకుంది. పలకను రెండు చేతులా పట్టుకుని, రేపటి ఎండ ముందుగా పడే గోడ దగ్గరికి జరిపి, మళ్ళీ నిలబెట్టాను.